పావుమైలు బాట

పందెమునకు రెండు వస్తువులు కావలెను. పరుగెత్తునది యొకటి, పరుగెత్తుటకు నేల యొకటి. మొదటిదానిని మనుష్యుడు తన సొమ్ముతో కొనవచ్చును, లేదా తన నేర్పుతో తానే చేసికొనవచ్చును. రెండవది అట్లు దొరకునది కాదు. దానిని ఊరు ఈయవలెను. ఎడ్లపందెములను, బండలాగు పోటీలను ఎఱిగిన పెద్దలకు ఈ మాట క్రొత్తది కాదు. ఎంత మేలుజాతి గిత్తలున్నను, పండుగనాటికి ఊరిబయట ఒక బయలు లేనిచో పందెము లేదు.

అమెరికాదేశమున కాలిఫోర్నియా రాష్ట్రమునందు మోటారుకార్లతో పెరిగిన యొక పందెమునకును ఇట్టి చరిత్రయే కలదు. నాటి కార్లలో కొన్ని నేటికిని నిలిచియున్నవి. అవి పరుగెత్తిన నేలలు మాత్రము అనేకము మాయమైనవి. పోయిన బాటలను తలచుకొనుచు, ముదుసలులైన సారథులు తమ పాతకార్లతో ఒకచోట కూడుటయు అక్కడ ఆచారమైనది. ఆ కూటముల వృత్తాంతమును, వాని వెనుకనున్న చరిత్రను ఈ ప్రసంగమున మనవి చేసెదను.

మొదట పందెపు స్వరూపము తెలియవలెను. దీనిని డ్రాగ్ రేసు అందురు. గుండ్రని బాటపై పలుమాఱులు చుట్టివచ్చు పందెము కాదిది. మలుపు లేని తిన్నని బాట. దాని పొడవు పావుమైలు, అనగా మన లెక్కకు రెండు ఫర్లాంగులు. రెండు కార్లు ప్రక్కప్రక్కన కదలక నిలుచును. సంకేతము కాగానే రెండును బయలుదేరును. చివరిగీతను ముందు దాటినది గెలుచును. ఓడినది తప్పుకొనును. గెలిచినది మఱొక గెలిచినదానితో తలపడును. ఇట్లు సగము సగముగా తగ్గి, తుదకు ఒక్కటి మిగులును. ఎవరు గెలిచిరో పసివాడు సైతము కన్నులార చూచి చెప్పగలడు.

ఈ పందెమునకు ఎడారియే పుట్టినిల్లు. లాస్ ఏంజెలిస్ నగరమునకు ఉత్తరముగా, కొండల కావలనున్న మొహావీ ఎడారిలో ఎండిన సరస్సులు కలవు. వానలు లేని కాలమున వాని యడుగు గచ్చునేలవలె గట్టిపడి, మైళ్లకొలది చదునుగా నుండును. 1930 ప్రాంతమున నగరపు పడుచువారు పాత ఫోర్డుకార్లను చౌకగా కొని, బరువు తగ్గుటకై చక్రములమీది రేకులను ఊడదీసి, ఇంజనుకు మెఱుగులు దిద్ది, మ్యూరాక్ అను నెండు సరస్సునకు పోయి వేగమును పరీక్షించుకొనుచుండిరి. ఇట్టి కార్లకే తరువాత హాట్ రాడ్లని పేరు వచ్చెను. 1937లో వీరి సంఘములు కొన్ని కలిసి, కాలము కొలుచుటకును, కట్టుబాట్లు పెట్టుటకును దక్షిణ కాలిఫోర్నియా టైమింగ్ సంఘమును స్థాపించెను. రెండవ ప్రపంచయుద్ధ కాలమున మ్యూరాక్ నేల సైన్యమువారి వశమయ్యెను. ఎడ్వర్డ్స్ వైమానిక స్థావరమని నేడు ప్రసిద్ధమైనది అదియే. ఆట ఒకరిది, నేల మఱొకరిది యగుట ఈ పందెమునకు మొదటినుండియు పట్టిన గతి యని శ్రోతలు గమనింపవలెను.

యుద్ధము ముగిసెను. సైన్యమునుండి తిరిగివచ్చిన యువకులలో ఎందఱో ఇంజనులను విప్పుటయు బిగించుటయు బాగుగ నేర్చినవారు. చేతిలో కొంత డబ్బు కలదు. ఒంటిలో ఉడుకు కలదు. ఎడారి మాత్రము దూరము. కావున పొద్దుగూకిన పిమ్మట నగరపు వీధులే పందెపు బాటలయ్యెను. ప్రమాదములు జరిగెను. దారినపోవు నిరపరాధులకు సైతము ముప్పు వాటిల్లెను. పత్రికలు హాట్ రాడ్ నడుపువారిని దుండగులుగ చిత్రించెను. పోలీసులు పట్టుకొనిరి, న్యాయస్థానములు జుల్మానాలు వేసెను. పందెములు మాత్రము ఆగలేదు.

అప్పుడు కొందఱు పెద్దలు మఱొక త్రోవ ఆలోచించిరి. కుఱ్ఱవాండ్ర ఉడుకును శిక్షతో చల్లార్చజాలనిచో, దానికొక చోటు చూపరాదా యనునదే ఆ యాలోచన.

శాంటా ఆనా పట్టణమున సి. జె. హార్ట్ అను నతడు ఉండెను. అతడు 1950లో ఆరెంజ్ కౌంటీ విమానాశ్రయమున అంతగా వాడుకలో లేని యొక బాటను ఆదివారములకు మాత్రము అడిగి తీసికొని, ఇద్దఱు తోడివారితో కలిసి పందెములు నడిపెను. ప్రవేశరుసుము అర్ధడాలరు. కార్లు ఎంత వేగముగ పోయెనో కొలుచుటకు యంత్రమును పెట్టెను. అతని భార్య పెగ్గీ హార్ట్ పనులలో తోడ్పడుటయే కాక, తానును కారునడిపి పందెములందు పాల్గొనెను. కుఱ్ఱవాండ్రు హార్టును ముద్దుగ పాపీ యనిరి. మన వాడుకలో నాయన యన్నట్లు. వారానికొకసారి తెఱచు ఆ బాట, దేశమున క్రమముగా నడచిన మొదటి డ్రాగ్ బాటలలో నొకటిగ పేరొందెను.

మఱుసటి సంవత్సరమున, అనగా 1951లో, వాలీ పార్క్స్ అను పత్రికా సంపాదకుడు నేషనల్ హాట్ రాడ్ అసోసియేషన్ అను జాతీయ సంఘమును స్థాపించెను. యువకులను వీధులనుండి తప్పించి, కట్టుబాట్లు గల సురక్షితమైన బాటలకు మరల్చుటయే దాని యుద్దేశము. పోమోనా పట్టణపు పోలీసువారు దీనికి విరోధులు కాక సహాయులైరి. 1953లో ఆ పట్టణపు సంతమైదానమున, బండ్లు నిలుపు చోటనే, సంఘమువారి మొదటి పందెము జరిగెను. పిమ్మట సంఘమువారు కొందఱు ఒక మోటారుబండిలో సామగ్రి నెక్కించుకొని ఊరూర తిరిగి, పందెమును ప్రమాదము లేకుండ నడుపు విధమును స్థానికులకు నేర్పిరి. 1955లో కాన్సస్ రాష్ట్రమున గ్రేట్ బెండ్ అను చోట మొదటి జాతీయ పందెములు జరిగెను. అదియు యుద్ధకాలమున విమానములకై కట్టిన నేలయే. యుద్ధము కొఱకు పఱచిన బాటలు యుద్ధానంతరము ఆటకు పనికివచ్చుట చరిత్రలో ఒక వింత.

అదే 1955లో లాంగ్ బీచ్ రేవునకు సమీపమున, విల్మింగ్టన్ ప్రాంతమున, లయన్స్ బాట తెఱవబడెను. పేరు విని సింహములకును దీనికిని సంబంధమేమని యనుకొనవలదు. లోకోపకారమునకై ఏర్పడిన లయన్స్ క్లబ్బులు కొన్ని కలిసి దానికి పూనుకొనెను. అందుచేత ఆ పేరు. మొదటి నిర్వాహకుడు మిక్కీ థాంప్సన్, స్వయముగ గొప్ప సారథి. బాట సముద్రమట్టమున నుండుటచేతను, సాయంకాలము చల్లని కడలిగాలి వీచుటచేతను అక్కడి గాలి దట్టము. దట్టమైన గాలిలో ప్రాణవాయువు హెచ్చు. ప్రాణవాయువు హెచ్చినకొలది ఇంజనులో మంట హెచ్చు. కావున అక్కడ కార్లు మఱింత వేగముగ పోవునని సారథులకు నమ్మకము. శనివారపు రాత్రులలో దీపముల వెలుగున వేలకొలది జనులు చేరుచుండిరి.

నాటి కారుల నిర్మాణమును గూర్చి కొంచెము చెప్పవలెను. వీనిలో మేటి తరగతివానిని డ్రాగ్‌స్టరు లనిరి. పొడవైన సన్నని ఇనుపగొట్టముల చట్రము. ముందు చిన్న చక్రములు. వెనుక వెడల్పైన పెద్ద చక్రములు. సారథి వెనుక ఇరుసునకును వెనుక, వడిసెలలో పెట్టిన ఱాయివలె కూర్చుండును. అతని ముందు ఇంజను, కాళ్లనడుమ క్లచ్చియు గేరుపెట్టెయు నుండును. ఇంజనులో పోయునది పెట్రోలు కాదు, నైట్రోమీథేను అను ద్రవము. ఒక పౌను పెట్రోలు మండుటకు దాదాపు 14.7 పౌనుల గాలి కావలెను. నైట్రోమీథేనులోనే ప్రాణవాయువు కొంత ఇమిడియుండుటచే దానికి 1.7 పౌనుల గాలి చాలును. అందుచే అదే గాలితో ఎన్నో రెట్లు ద్రవమును మండించి, పెట్రోలుకన్న రెండింతలకు మించిన బలమును రాబట్టవచ్చును. ఈ బలమునకు జంకి జాతీయ సంఘమువారు 1957 మొదలు 1963 వఱకు దానిని నిషేధించిరి. ఆ నిషేధమునకు లోబడని వారు 1959లో బేకర్స్‌ఫీల్డునకు ఉత్తరముగనున్న ఫమోసో బాటపై పెద్ద పందెము నేర్పాటు చేసిరి. ఎక్కడనో తూర్పుతీరమున ఫ్లారిడానుండి డాన్ గార్లిట్స్ అను యువకుడు తన కారుతో అక్కడికి వచ్చెను. నాటి గెలుపు కాలిఫోర్నియావాడైన ఆర్ట్ క్రిస్మనునకు దక్కెను. మార్చి నెలలో జరుగు ఆ పందెము తరువాత గొప్ప తిరునాళ్లయ్యెను.

ఆ వైభవమునకు మూల్యము కూడ కలదు. 1970 మార్చి నెలలో లయన్స్ బాటపైననే గార్లిట్సు కారు బయలుదేరగానే కాళ్లనడుమనున్న గేరుపెట్టె బ్రద్దలయ్యెను. కారు రెండుగ తెగెను. అతని కుడిపాదములో కొంతభాగము పోయెను. ఆస్పత్రిలో పడకపైనుండి అతడు విధిని దూషింపక, ఇంజనును సారథి వెనుకకు మార్చుటెట్లని ఆలోచించెను. అట్టి ప్రయత్నములు అంతకుముందును కొందఱు చేసి విఫలులైరి. గార్లిట్సు 1971లో ఆ క్రొత్తకారుతో వచ్చి గెలిచెను. కొలది యేండ్లలో ఆ తరగతిలో ఇంజను ముందున్న కార్లు పందెములనుండి తొలగెను. ఒక్కని పాదము పోయి ఎందఱి ప్రాణములో నిలిచెను. అంతకుముందు అట్టి అదృష్టము లేక బాటలపైననే ప్రాణములు విడిచిన సారథులు పలువురు కలరు.

ఇంక బాటలకు వచ్చిన కాలము వినుడు. శాంటా ఆనాలో విమానముల రాకపోకలు హెచ్చుటచే 1959లో పందెములు నిలిచెను. లయన్స్ బాటకు చుట్టును ఇండ్లు పెరిగెను. నైట్రోమీథేను ఇంజను ధ్వని ఆ ఇండ్ల కిటికీలను కదలించునట్టిది. నివాసులు మొఱపెట్టుకొనిరి. పసిబిడ్డను నిద్రపుచ్చవలసిన తల్లి మొఱ అన్యాయమని ఎవ్వరనగలరు? బాట ముందు వచ్చినది, ఇండ్లు తరువాత వచ్చినవి యనుటయు నిజమే. రెండు న్యాయములు ఎదురుపడినప్పుడు నేల ఖరీదు తీర్పు చెప్పును. 1972 డిసెంబరు 2వ తేదీ రాత్రి లయన్స్ బాటపై కడపటి పందెము జరిగెను. జనము ఇసుకవేసిన రాలనట్లు వచ్చిరి. పిదప ఆ నేల రేవుసరకుల పెట్టెలకు నిలయమయ్యెను. 1977లో అర్విండేల్ బాటయు, 1983లో ఆరెంజ్ కౌంటీ అంతర్జాతీయ బాటయు మూతపడెను. ఒక తరమువారు పెరిగిన బాటలు అదే తరము బ్రతికియుండగనే నేలమట్టమయ్యెను.

1992లో ఫమోసో బాటపై కాలిఫోర్నియా హాట్ రాడ్ రీయూనియన్ అను పునస్సమాగమము ప్రారంభమయ్యెను. ఫమోసో బేకర్స్‌ఫీల్డ్ నగరపు సందడికి దూరముగ, తోటల నడుమ నుండుటచే మూతపడకుండ నిలిచిన పాతబాట. అందుచే చెదరిన కుటుంబము పెద్దయింటికి చేరినట్లు, లయన్స్, శాంటా ఆనా మొదలగు బాటలవారెల్లరును అక్కడికి చేరిరి. పూర్వపు సారథులను, యంత్రకారులను పిలిచి సత్కరించుట అక్కడి మొదటి కార్యము. పాతపద్ధతి కార్లతో నిజముగ పందెము నడుపుట రెండవది. ఈ కార్లు రూపమున పాతవియే గాని, ప్రాణరక్షణకు సంబంధించిన నియమములు మాత్రము నేటివి. వీనిలో మేటివి గంటకు 250 మైళ్ల వేగమును సైతము మించును.

మూడవ కార్యము అన్నిటికన్న విచిత్రమైనది. 2000 సంవత్సరమున మొదలైన దీనికి కాకిల్‌ఫెస్ట్ అని పేరు. ఇంజను చేయు పటపట ధ్వనినిబట్టి ఆ పేరు వచ్చెను. చీకటిపడు వేళకు పాత డ్రాగ్‌స్టరులను వరుసగ నిలుపుదురు. నాటి డ్రాగ్‌స్టరులకు తమంత తాము ఇంజను త్రిప్పుకొను సాధనము లేదు. వెనుకనుండి మఱొక బండి నెట్టుచుండగా, కొంతదూరము పోయిన పిమ్మట సారథి మీటను కలిపిన, ఇంజను ప్రాణము పోసికొని గర్జించును. ఆ ప్రాతపద్ధతినే అనుసరించి, ఉత్సవములో వాహనములు ఒకదాని వెంట ఒకటి వెడలినట్లు, కార్లను నెట్టుకొని వత్తురు. అన్నియు బాటమీద చేరి నిలుచును. పందెము లేదు, పరుగు లేదు. ఇంజనులు ఒక్కుమ్మడి మ్రోగుచుండును. పొగగొట్టముల కొనలయందు మంటలు లేచి చీకటిని చీల్చుచుండును. సారథిస్థానమున కొన్నింట నాడు నడిపిన వృద్ధులే కూర్చుందురు. నైట్రోమీథేను పొగకు చూపఱుల కన్నులు మండి నీరు కారును. ఆ కన్నీటిలో పొగ వలన వచ్చినదెంతయో, జ్ఞాపకము వలన వచ్చినదెంతయో వేఱుచేసి చెప్పుట ఎవరితరము?

ఈ కార్లను మరల సిద్ధపఱచుట చిన్న పని కాదు. పందెములకు పనికిరాక పోయిన కార్లను నాడు ఎవ్వరును దాచలేదు. చట్రమును కోసి మఱొకదానికి వాడిరి, ఇంజనును అమ్ముకొనిరి. పశువులకొట్టములలో, పెరళ్లలో త్రుప్పుపట్టిన తునుకలను వెదకి తెచ్చి, పాత ఛాయాపటములను చూచి, రంగును అక్షరములను సైతము అట్లే వ్రాయింతురు. పాత చట్రముండి తక్కిన భాగములు క్రొత్తవైనచో అది జీర్ణోద్ధారము. చట్రమే క్రొత్తదైనచో అది ప్రతికృతి. ఈ భేదమును దాచక చెప్పుట చరిత్రకు మర్యాద.

ఇట్టి ఉత్సవములందు ఒక అపాయము కలదు. గడచిన కాలమంతయు బంగారుకాలమని భ్రమ కలుగును. ఉడుకు జ్ఞాపకముండును, కాలిన చేతులు జ్ఞాపకముండవు. నాటి బాటలలో కొన్నింటికి సరియైన అడ్డుగోడలు లేవు. సారథులకు సరియైన కవచములు లేవు. నేటి మేటి డ్రాగ్‌స్టరుల బలము 11,000 గుఱ్ఱములకు మించును. వేగము గంటకు 330 మైళ్లు దాటును. 2008లో స్కాట్ కలిట్టా అను సారథి ఇంగ్లీష్‌టౌన్ బాటపై మరణించిన పిమ్మట, మేటి తరగతులకు పందెపు దూరమును పావుమైలునుండి 1000 అడుగులకు తగ్గించిరి. ఆటకు ప్రాణమని పేరొందిన కొలతనే మనుష్యుని ప్రాణము కొఱకు తగ్గించుకొనిరి. అందుచే పాతకాలమును కొలుచుటతోపాటు, అది నేర్పిన గుణపాఠమును కూడ స్మరించినప్పుడే ఈ కూటములు సార్థకములు.

బాటల అస్తమయము ఇంకను ముగియలేదు. న్యూజెర్సీలోని ఆ ఇంగ్లీష్‌టౌన్ బాటపై 2018లో డ్రాగ్ పందెములు నిలిచెను. కొలరాడో రాష్ట్రమున 1958నుండి ఒకే కుటుంబమువారు నడిపిన బాండిమియర్ బాట 2023లో ఆ చోట మూతపడెను. ఒకచోట బాట పోయినప్పుడు అక్కడి యువకుల ఉడుకు దానితోపాటు పోదు. అది మరల రాత్రివీధులకు త్రోవ వెదకును. 1950కి పూర్వమున్న చిక్కే మరల ఎదురగును.

ఈ చరిత్రలో మనకేమి ప్రయోజనమని పెద్దలు ప్రశ్నింపవచ్చును. మోటారుపందెములు మనకు ముఖ్యము కాకపోవచ్చును. కాని ప్రతిగ్రామమునను పడుచువాండ్రు కలరు. వారికి ఉడుకు కలదు. ఊరిబయలు, చెఱువుక్రింది గట్టునేల, పశువుల మందబయలు ఒక్కొక్కటే కొలతకును, కొనుగోలునకును, ఆక్రమణకును లోబడుచున్నవి. ఆట ఆడుకొనుటకు చోటులేని పిల్లవానిని, దారిమధ్య ఆడుచున్నావేమని దండించుట సులువు. పాపీ హార్టు దండింపలేదు. ఆదివారములకు ఒక బాటను అడిగి తెచ్చెను. లాంగ్ బీచ్ పెద్దలు తామెన్నడు పందెము కట్టకున్నను కుఱ్ఱవాండ్రకు ఒక నేల చూపిరి. ఆ కుఱ్ఱవాండ్రే నేడు తలనెఱసి, ఫమోసోలో చీకటివేళ ఇంజను ధ్వని వినుచు నిలుచుచున్నారు.

వారు కన్నీరు పెట్టునది పాతకార్లను చూచి మాత్రమే కాదు. తమకు పదునెనిమిదేండ్లు నిండిన నాడు, తమ ఉడుకునకు చోటిచ్చిన పెద్దలను తలచుకొనియును. ఊరికి పెద్దయగువాడు వదలిపోదగిన ఆస్తులలో పడుచువారు పరుగెత్తుటకు చాలినంత బయలు ఒకటి. అది పావుమైలైనను చాలును.